పుట్టకొక్కులు అమ్ముకునే ఆడవాళ్లని తరిమేస్తే విషం పోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీలో విషపు పుట్టగొడుగులు తిని కూలీలు ఆస్పత్రి పాలయ్యారని వార్త వేశారు కదా, దాని గురించే ఈ లెటర్. చదివిన రోజే రాద్దామనుకున్నా, షాపు పనిలో పడి కుదర్లేదు. కానీ మొన్న సంత రోజు జరిగింది చూశాక ఇంక ఊరుకోబుద్ధి కాలేదు.

మీ వార్తలోనే ఉంది, వాళ్లు రోడ్డు పనికి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు, క్యాంపు వెనక చెత్త పోసే చోట మొలిచినవి వాళ్లంతట వాళ్లే పీక్కొచ్చి వండుకున్నారు, తిన్న రెండు గంటల్లోపే వాంతులు మొదలయ్యాయి. సంతలో ఎవరి దగ్గరా కొనలేదు. మరి సంత రోజు పొద్దున్నే అధికారులు జీపేసుకుని వచ్చి కొండ మీద నుంచి నడిచి దిగిన ఆడవాళ్ల బుట్టలు ఎందుకు తన్నేశారండీ? ఒక ముసలమ్మ తెల్లారకముందే లేచి వానలో తడుస్తూ ఏరుకొచ్చిన కొక్కులు, అంటే పుట్టగొడుగులు, మొత్తం కాలవలోకి పోయాయి. అడిగితే పైనుంచి ఆర్డర్ అన్నారు, ఆ కాగితం చూపించండి అంటే నువ్వెవరివి అన్నారు. ఆ కుప్పలు అమ్ముకుంటే గానీ ఆవిడకి వారానికి సరిపడా ఉప్పు, నూనె, ఎండుచేపలు రావు. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, ఖాళీ బుట్ట తలమీద పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ బుట్టలో ఏముందో ఒక్కరైనా వంగి చూశారా? అవి పుట్టకొక్కులు, చెదపుట్టల మీద మొలిచేవి. ఒడిశాలో మా రాయగడ జిల్లాలో, అటు కోరాపుట్‌లో, ఇటు గజపతిలో తెలుగువాళ్ల ఇళ్లలో, కొండవాళ్ల ఇళ్లలో, ఒడియావాళ్ల ఇళ్లలో వానాకాలం వచ్చిందంటే వీటి కోసమే ఎదురుచూస్తారు. అడ్డాకుల మీద మొగ్గలు ఒక పక్క, విచ్చుకున్నవి ఒక పక్క పేర్చి పెడతారు. టోపీ నడిమిన మొన తేలి ఉంటుంది. కాడ కింద జానెడు పొడుగున వేరులాగా లోపలికి పోయి ఉంటుంది, దానికి పుట్టమన్ను అంటుకునే ఉంటుంది, కడిగేస్తే కొనేవాళ్లకి నమ్మకం ఉండదని కడగరు. ఆ వేరు లేనిది ఎంత తెల్లగా ఉన్నా, ఎంత చవగ్గా ఇచ్చినా మా అమ్మ కొనేది కాదు. ఆ వేరు కిందకి పోయి పోయి చెదపురుగుల గూటి దగ్గర ఆగుతుంది. చెదలు ఎండాకులు, పుల్లలు నమిలి లోపల తేనెపట్టులాంటి అరలు కట్టి, దాని మీద ఈ బూజుని పెంచుకుని తింటాయి. వానలు పడి నేల బాగా తడిశాక అది పైకి కొక్కుగా వస్తుంది. చెదలు లేకుండా దీన్ని షెడ్డులో పెంచి అమ్మడం ఇంతవరకూ ఎవరి వల్లా కాలేదు. అందుకే కొండ ఆడవాళ్లు పుల్లతో చుట్టూ మట్టి వదులు చేసి తీస్తారు తప్ప పుట్టని పగలగొట్టరు, పైఏడు మళ్లీ అక్కడికే రావాలి మరి.

ఇంత తెలిసినవాళ్లని తరిమేసి, ఆటోకి మైకు కట్టి ఊళ్లో ఏం చెప్పించారో వినండి. వెండి నాణెం వేసి ఉడికించండి, నల్లబడితే విషం, లేకపోతే తినొచ్చు అట. బాగా ఉడకబెడితే ఏమీ కాదట. పురుగు తిన్నది మనిషి కూడా తినొచ్చట. ఎడిటర్ గారూ, ఈ మూడూ తప్పే. ప్రాణాలు తీసే అమనిటా జాతి కొక్కుల్లో ఉండే విషం వెండిని నల్లబరచదు, ఎంతసేపు ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. పురుగులు, నత్తలు దాన్ని తిని బతికే ఉంటాయి, మనిషికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ప్రభుత్వం పేరు చెప్పి మైకులో ఇలాంటివి చెప్తే జనం నమ్మరా? రేపు ఎవరైనా వెండి పట్టీ వేసి చూసి తిని పోతే బాధ్యత ఎవరిది? పోనీ ఆ చెప్పిందైనా ఒడియాలోనే, కొండవాళ్ల భాషలు కుయిలో లేదు, సవరలో లేదు, తెలుగులో లేదు. అడవిలో ఏరుకుని తినేవాళ్లకి చేరని జాగ్రత్త ఎవరికోసం చెప్పినట్టు?

మాది మందుల షాపు. వానాకాలంలో ఏటా ఎవరో ఒకరు వాంతుల మాత్ర కోసం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కోసం వస్తారు, ఏం తిన్నారు అంటే కొక్కులు అంటారు. అప్పుడు నేను ముందు అడిగేది తిన్నాక ఎంతసేపటికి మొదలైంది అని. గంటా రెండు గంటల్లో మొదలైతే చాలావరకు కడుపు బాధతోనే తగ్గిపోతుంది, అయినా ఆస్పత్రికి పంపిస్తాను. రాత్రి తిని హాయిగా పడుకుని, ఆరు గంటలు, పన్నెండు గంటలు దాటాక వాంతులు విరేచనాలు పట్టుకున్నాయంటే అదే భయం. అందులో ఇంకో మోసం ఉంది, రెండో రోజుకి తగ్గినట్టే ఉంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు, గంజి అడుగుతాడు. లోపల మాత్రం లివర్ పాడవుతూ ఉంటుంది, మూడో రోజో నాలుగో రోజో కళ్లు పచ్చబడేసరికి చాలాసార్లు చెయ్యి దాటిపోతుంది. నా కళ్ల ముందే జరిగింది, మా వీధిలో ఒకాయనకి ఒక ఆస్పత్రిలో రెండు సెలైన్లు ఎక్కించి తగ్గింది కదా ఇంటికెళ్లు అన్నారు. లివర్ టెస్ట్ చెయ్యలేదు, ఏం తిన్నావు ఎప్పుడు తిన్నావు అని చీటీలో రాయలేదు. నాలుగు రోజుల తర్వాత విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

అడగాల్సింది దీన్ని కదా! వానాకాలం నాలుగు నెలలైనా ప్రతి బ్లాకు ఆస్పత్రిలో లివర్ టెస్ట్ ఉందా, రెండు మూడు రోజులు వరసగా చేసి చూస్తున్నారా, పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్లకి ఇచ్చే ఎన్‌ఏసీ ఇంజెక్షన్ని ఈ కేసుల్లో కూడా వాడతారు కదా, అది స్టాకులో ఉందా? ఢిల్లీ ఎయిమ్స్‌లో 24 గంటలూ డాక్టర్లకి ఫోన్లో సలహా చెప్పే విష సమాచార కేంద్రం ఉంది, దాని నంబర్ క్యాజువాల్టీ గోడ మీద రాసి ఉందా? మొన్న కూలీలు తిన్న కొక్కుల్లో మిగిలిన ఒక్క ముక్కనైనా దాచి భువనేశ్వర్ వ్యవసాయ యూనివర్సిటీకి పంపి అదేంటో తేల్చారా? చెత్తకుప్ప మీద నుంచి మిగతావి కూడా ఊడ్చి తగలబెట్టేశారని విన్నాను.

అసలు ప్రమాదం ఎక్కువ ఎవరికో కూడా ఎవరూ ఆలోచించరు. పుట్టిన ఊళ్లో చిన్నప్పటి నుంచి ఏరుకునేవాళ్ల కంటే కొత్త చోటికి పోయి, మా ఊరి కొక్కులాగే ఉందే అని కోసుకునేవాళ్లకి. ఆగ్నేయాసియా నుంచి అమెరికా, ఆస్ట్రేలియా వలసపోయినవాళ్లు అక్కడి డెత్ క్యాప్ అనే విషపు అమనిటాని చూసి తమ వరిగడ్డి కొక్కు అనుకుని తిని చనిపోయారు, మొగ్గ దశలో రెండూ గుడ్డులాగే ఉంటాయి. మన దగ్గర వరిగడ్డి కొక్కులు చాలామంది పెంచుతారు, తింటారు, కాబట్టి ఈ పొరపాటు మనకీ దగ్గరే. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి కొక్కులు తిని 13 మంది పోయారు, ఎక్కువమంది టీ తోటల జనమే. కాబట్టి చెప్పాల్సింది రోడ్డు క్యాంపుల్లో, ఇటుక బట్టీల్లో, కొత్తగా కట్టిన కాలనీల్లో. చెప్పడానికి పక్కన నిలబెట్టుకోవాల్సింది ఆ ముసలమ్మలాంటివాళ్లని.

మా జిల్లాలో ఇది కొత్తేం కాదు. 2001లో కాశీపూర్‌లో మామిడి టెంక జావ తిని జనం పోతే, ఆకలి చావా కాదా అని వాదనలతోనే కాలం గడిపారు. 2024లో కంధమాల్ జిల్లాలో మళ్లీ టెంకే, మళ్లీ అదే వాదన. ప్రతిసారీ తప్పంతా తిన్న తిండిదే, తిన్న మనిషిదే. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో దొరికేవి ఏరుకునే హక్కు, అమ్ముకునే హక్కు రెండూ ఇచ్చింది, ఇక్కడ ఆదివాసీల కోసం గుర్తించిన షెడ్యూల్డ్ ఏరియాలో గ్రామసభని అడగకుండా ఆ బుట్టల మీద చెయ్యి ఎలా వేస్తారు? మరి నీలగిరి తోటల కోసం పుట్టల్ని జేసీబీతో చదును చేసి చెదల మందు పోస్తే ఆపడానికి ఏ జీపూ రాదు. పత్తి చేలో గడ్డిమందు కొట్టిన గట్టు మీద మొలిచినవి ఏరుకోవద్దని చెప్పే మైకు ఒక్కటీ లేదు. నా చిన్నప్పుడు ఊరి చివరే దొరికేవి, ఇప్పుడు కొండ సగం ఎక్కాలి.

చివరగా మీ పేపర్‌కి కూడా ఒక మాట, ఏమనుకోకండి. ఆ వార్త పక్కన ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలున్న బొమ్మ వేశారు. అది చలి ప్రాంతాల్లో పైన్, భూర్జ చెట్ల కింద వచ్చేది, మా కొండల్లో నేనెన్నడూ చూడలేదు. ఆ బొమ్మ చూసినవాళ్లు విషమంటే ఎర్రగా ఉంటుంది, తెల్లది మంచిదే అనుకుంటారు. చంపే కొక్కుల్లో తెల్లగా, ముద్దుగా ఉండేవి బోలెడు. ఈసారి వార్త వేస్తే ఆ బొమ్మ తీసేసి, ఆ చోట్లో ఇది వేయండి: తిన్న ఆరు గంటల తర్వాత వాంతులు మొదలైతే అదే రోజు పెద్దాస్పత్రికి పోవాలి, మిగిలిన కూర, తరిగిన తొక్కలు కవర్లో వేసుకుని పోవాలి, తగ్గిందన్నా ఇంటికి రాకుండా లివర్ టెస్ట్ చేయించుకోవాలి. తెలుగులో వేయండి, కుదిరితే కుయి తెలిసినవాళ్లతో రాయించి అది కూడా వేయండి. కటింగ్ మా షాపు అద్దం మీద నేనే అంటిస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
రాయగడ జిల్లా, ఒడిశా