ఆ స్వెటర్ మా దగ్గరే ఉండిపోయిందండీ

రెండు రాత్రులుగా నిద్ర లేదు, రాసింది అటూ ఇటూగా ఉంటే ఏమీ అనుకోకండి. బాబు బాగున్నాడు. ఈ మధ్యాహ్నమే డిశ్చార్జ్ చేశారు.

మొన్న సాయంత్రం మావాడు సముద్రంలో దిగింది మోకాళ్ల లోతులోనే. అటూ ఇటూ అలలు విరిగి పడుతున్నాయి, మధ్యలో ఒక్కచోట నీళ్లు నిలకడగా కనిపించాయి. అక్కడైతే భయం లేదు, వెళ్లరా అని చెప్పింది నేనే. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అదేనట. రిప్ కరెంట్ అంటారు. సెకనుకు 2 మీటర్ల వేగం కూడా అందుకుంటుందట. చూస్తుండగానే వాడి తల చిన్నదైపోయింది.

మా ఆయన దూకబోతే వెనక నుంచి ఎవరో కాలర్ పట్టి లాగారు. "మీరూ దిగితే ఇద్దర్ని వెతకాలి సార్, ఆగండి." యాభై ఏళ్లుంటాయేమో ఆయనకి. స్వెటర్ విప్పి ఇసుకలో పడేసి, ఖాళీ నీళ్ల క్యాన్‌కి తాడు కడుతూనే అరిచారు: "ఎదురీదకు బాబూ! తేలు! పక్కకి రా, పక్కకి!" క్యాన్ మొదటిసారి అందలేదు. రెండోసారీ అందలేదు. నడుం లోతుకి వెళ్లి మూడోసారి విసిరారు.

చలికాలం కదా, వాడు బయటికొచ్చి గజగజా వణికిపోతున్నాడు. నేను చేతులు గట్టిగా రుద్దబోతే వద్దన్నారు. తడిబట్టలు తీయించి, తన స్వెటరే తొడిగి, గుండీలు కూడా ఆయనే పెట్టారు. గోధుమరంగు స్వెటర్, ఒక గుండీ మాత్రం తెల్లదారంతో కుట్టి ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు ఆ దారం చూశాక వచ్చింది. అంబులెన్స్ హడావిడిలో పేరైనా అడగలేదు. తడి బనియన్‌తో ఆ ఈదురుగాలిలో నిలబడి చెయ్యి ఊపారాయన.

ఒక్క మాట అనకుండా ఉండలేను. పొద్దున్నే ఎత్తైన అలల హెచ్చరిక వచ్చిందట. నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది రాత్రి, ఆస్పత్రిలో ఉండగా! అందులోనూ "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అనే ఉంది. వాళ్లకి సముద్రం సంగతి మనకంటే బాగా తెలుసు. తెలియనిది మాలాంటి వాళ్లకి. నీళ్లలో దిగొద్దని మాకు ఎవరు చెప్పాలి? ఒడ్డున ఎర్రజెండా లేదు. బోర్డు ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి.

అన్నయ్య, వదిన రాత్రంతా ఆస్పత్రిలోనే ఉన్నారు. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

అయ్యో, తాడు లాగిన ఇద్దరు కుర్రాళ్లని మర్చిపోయాను. పొగమంచులో దారి కనపడకపోయినా నెమ్మదిగా, భద్రంగా చేర్చిన అంబులెన్స్ డ్రైవర్‌గారినీ. ఛార్జర్ ఇచ్చిన అమ్మాయి, నీ ఛార్జర్ నా బ్యాగులోనే ఉందమ్మా.

స్వెటర్ ఉతికి ఆరేశాను. ఆయన తెలిసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి మెసేజ్ పెట్టండి.