నాన్నను నిలబెట్టినవాళ్లందరికీ

అందరికీ నమస్కారం. నాన్న ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. చేయి పట్టుకోకుండానే నడుస్తున్నారు, కోపం కూడా మునుపటిలాగే వస్తోంది. ఫోన్ చేసిన వాళ్లకు అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను, ఏమీ అనుకోకండి. సాయం చేసినవాళ్లు తమ పేర్లు రాయొద్దన్నారు. అందుకే వాళ్లు చేసిన పని చెప్పి దండం పెడుతున్నాను.

పేగు ఆపరేషన్ బాగానే అయింది. తర్వాత న్యుమోనియా, వెంటిలేటర్. అక్కడ ఉండగానే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా రక్తంలోకి చేరింది. ఇలాంటప్పుడు పెద్ద మందుగా వాడే మెరోపెనెం కూడా దానిమీద పనిచేయలేదు. "బాగవుదామని వెళ్తే అక్కడే అంటుకుందా?" అని చాలామంది అడిగారు. నేనూ డాక్టరమ్మను అదే అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. క్లెబ్సియెల్లా చాలామంది పేగుల్లో ఏ హానీ చేయకుండా ఉంటుందట. వాడిన యాంటీబయాటిక్స్ మామూలు బ్యాక్టీరియాను చంపేస్తే, మిగిలిన మొండివి పెరిగిపోతాయి. ఐసీయూలో ఒక పేషెంటు నుంచి ఇంకొకరికి చేతుల ద్వారా కూడా చేరతాయి. పైగా నాన్నకు షుగరు. గొంతులో గొట్టం, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి పెట్టిన సెంట్రల్ లైన్ గొట్టం, మూత్రానికి కేథటర్ గొట్టం. అవన్నీ లేకపోతే ఆయన బతకరు. ఉంటే లోపలికి అన్ని దారులు.

మొదటి దండం ఆ రాత్రి డ్యూటీ సిస్టరుకి. చలిజ్వరం మొదలవగానే మందు ఎక్కించండని నేను తొందరపెట్టాను. ఆవిడ ముందు రెండు చేతుల నుంచీ రక్తం తీసి, బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్ సీసాల్లో పోసి, ఆ వెంటనే ఇంజెక్షన్ పెట్టారు. మందు ముందే లోపలికి వెళ్తే ల్యాబులో బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. అప్పుడు ఏది పనిచేస్తుందో తెలిసేది కాదు.

రెండోది మైక్రోబయాలజీ ల్యాబుకి. మేం వాళ్ల ముఖాలు కూడా చూడలేదు. బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టులో వరసగా మందుల పేర్లు, దాదాపు ప్రతిదాని పక్కనా 'ఆర్'. లొంగదని అర్థం. వాళ్లు అక్కడితో ఆగలేదు. జన్యు పరీక్ష చేసి అది ఎన్‌డీఎం రకమని, అంటే మెరోపెనెం లాంటి మందులను విరగ్గొట్టే ఎన్‌డీఎం అనే ఎంజైమును తయారుచేసే రకమని తేల్చారు, కాగితం రాకముందే వార్డుకు ఫోన్ చేసి చెప్పారు. ఆ ఒక్క మాటతో వైద్యం మారింది. ఈ రకానికి సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే జంట మందు ఒక్కటీ చాలదు, అజ్ట్రియోనం అనే ఇంకో యాంటీబయాటిక్ కలపాలి. అజ్ట్రియోనంను ఎన్‌డీఎం విరగ్గొట్టలేదు, విరగ్గొట్టగల మిగతా ఎంజైములను అవిబాక్టమ్ అడ్డుకుంటుంది. కొలిస్టిన్ అనే మందు కూడా ఉంది కానీ అది కిడ్నీలను దెబ్బతీయగలదు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అంకె నాన్నకు అప్పటికే పెరుగుతోంది. రోజూ ఆ అంకె చూసి డోసు సరిచేసిన ఫార్మసిస్టుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

డాక్టరమ్మ మాకు ఆశ పెట్టి మభ్యపెట్టలేదు. ఇలాంటివి రక్తంలోకి చేరితే చాలామంది బతకరని ముందే చెప్పారు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతా కలిపి నేరుగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ లెక్కలో నాన్నలాంటివాళ్లు ఎందరో.

ఇక రౌండ్స్‌లో రోజూ "ఈ కేథటర్ ఇంకా అవసరమా సార్?" అని అడిగే ఇన్‌చార్జ్ సిస్టర్. ఎన్నిసార్లు అడిగినా మొహమాటపడరు. అవసరం తీరిన రోజే తీయించేశారు. చేతులకు శానిటైజర్ రాసుకోకుండా మంచం దాకా వచ్చిన సీనియర్ డాక్టరును కూడా ఆపారు, నేను చూశాను. మంచం పట్టీలు, సెలైన్ స్టాండు రోజూ తుడిచిన ఆయమ్మలనూ మరిచిపోలేను.

బాక్టీరియా రక్తంలోంచి పోయినా పేగుల్లో కొన్ని నెలలు మిగిలి ఉండొచ్చట. మళ్లీ ఏ ఆస్పత్రిలో చేరినా ముందే చెప్పమని డిశ్చార్జ్ కాగితం మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు. చూడ్డానికి రావచ్చా అని అడుగుతున్నారు, రండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు భయపడక్కర్లేదు, వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు మాత్రం తగ్గాక రండి.