నీ వాటా సకినాలు

చిన్నీ,

నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి పదిహేడు రోజులు. లెక్కపెట్టి కాదు, గ్యాస్ బండ వచ్చిన రోజే మాట్లాడావు కాబట్టి గుర్తుంది. మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పెడితే మాట్లాడినట్టు కాదు.

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. నాన్న మోకాలు మామూలే. మేడ మీది ట్యాంకు కారుతోంది, యాదగిరి రేపు రేపంటున్నాడు. పై వాటాలోకి కొత్తవాళ్లు దిగారు. వాళ్లమ్మాయి ఎంటెక్ మధ్యలో మానేసి ఉద్యోగంలో చేరిందట. ఊరికే చెప్తున్నా.

మొన్న శుక్రవారం మీ పీహెచ్‌డీ సార్ సన్మానానికి వెళ్లాను. కోప్పడకు. సార్‌కి అరవై నిండాయి, గచ్చిబౌలిలో మూడు రోజులు నంబర్ థియరీ సదస్సు, రెండో రోజు నా టాక్ ఉందని నువ్వే కదా డిసెంబర్లో చెప్పావు. పని ఒత్తిడిలో ఇంటికి రాలేవేమో, నేనే సకినాలు ఇచ్చొద్దామనుకున్నా. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో మెట్రో ఎక్కి, పెరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, రాయదుర్గంలో దిగా. ఆటో అతను రెండు వందలన్నాడు, నూట యాభైకి దింపాను. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ‘పార్టిసిపెంటా మేడం?’ అంటే అవునన్నాను.

హాలు తలుపు మీద పేర్ల కాగితం అంటించారు. నీ పేరు మీద నీలం ఇంకుతో ఒక గీత. స్కేలు పెట్టి కొట్టినంత తిన్నగా ఉంది.

అంతదూరం వెళ్లి వెనక్కి రాలేక చివరి వరసలో కూర్చున్నా. పక్కనున్న అమ్మాయి, నీకు జూనియరే అనుకుంటా, టీ టైంలో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. మన క్యాష్ కౌంటర్లో 1, 16, 81, 256 రూపాయలు, అలా నాలుగో ఘాతాల నోట్లే, అంటే ఒకే అంకెను నాలుగుసార్లు వేసి గుణిస్తే వచ్చేవే ఉన్నాయనుకోమంది. ఎవరైనా 79 అడిగితే 81 నోటు పనికిరాదు. 16వి నాలుగిస్తే 64, మిగతా 15కీ ఒంటి రూపాయలే. మొత్తం 19 నోట్లు. కప్పు పక్కన పెట్టి, చేతిలో ఉన్న కాగితం వెనక నేనే వేసి చూశా, నిజమే! ఎంత పెద్ద మొత్తమైనా 19 దాటనక్కర్లేదట. వేరింగ్ అనే ఆయన 1770లో మొదలుపెట్టిన లెక్కను, నాలుగో ఘాతాల దగ్గర మన బాలసుబ్రహ్మణ్యన్ గారు, ఇద్దరు ఫ్రెంచివాళ్లు కలిసి 1986లో తేల్చారట. నేను క్యాష్‌లో చేరిన ఏడాది. 216 ఏళ్లు పట్టింది చూడు. నీకేమో ఐదేళ్లకే విసుగు.

విసుగని నేననలేదు, లక్ష్మి చిన్నమ్మ అంది. వాళ్ల రాజు నిన్ను పోయిన వారం మాదాపూర్‌లో ఏదో ఆఫీసు లిఫ్టు దగ్గర చూశాడట. వాడి కళ్లద్దాల నంబరు మారింది, నేను నమ్మలేదు.

మధ్యాహ్నం ఇంకొకాయన యిటాంగ్ ఝాంగ్ గురించి చెప్పాడు. పీహెచ్‌డీ అయ్యాక సరైన ఉద్యోగం దొరక్క శాండ్‌విచ్ కొట్లో లెక్కలు చూశాడట. 2013లో, యాభై దాటాక, తేడా 7 కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జతలు అంతులేకుండా ఉంటాయని నిరూపించాడు. మిగతావాళ్లు పట్టుకుని ఏడాదిలో దాన్ని 246కి దించారట. నీతులు చెప్పనని నాన్నకి మాటిచ్చే ఈ ఉత్తరం మొదలుపెట్టా. కానీ ఆ మనిషి పట్టు వదల్లేదు కదా! అలాగని నువ్వూ కొట్లో కూర్చోమని కాదు. రాత్రి రెండింటిదాకా మేలుకోకు, టీ తగ్గించు, తలకి నూనె పెట్టు.

సాయంత్రం శాలువా కప్పాక మీ సార్ నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చారు. నీ గురించి అడుగుదామని నోరు తెరిచేలోపే ‘అమ్మాయి ఎలా ఉందండీ?’ అని ఆయనే అడిగారు. బాగుందండీ అన్నాను. ఇంకేమనను?

2010లో ప్రపంచ గణిత మహాసభ మన హైదరాబాద్‌లో, హెచ్‌ఐసీసీ సభా కేంద్రంలో జరిగినప్పుడు నువ్వు పేపర్లోంచి కత్తిరించిన ఫొటో, రాష్ట్రపతి మెడల్స్ ఇస్తున్నది, ఇంకా బీరువా తలుపు లోపలే ఉంది. అంచులు లేస్తే మొన్న మళ్లీ గమ్ము రాశా.

సకినాలు టీ దగ్గర పిల్లలకి పెట్టేశా. నీ వాటా పన్నెండు విడిగా తీసి, గాలి తగలకుండా స్టీలు డబ్బాలో ఉంచా. కొరియర్‌లో విరుగుతాయని నాన్న గొడవ. పాత చీర చుట్టి పంపుతాలే. అడ్రస్ ఒక్కటే ఏది రాయాలో చెప్పు, చెన్నై హాస్టల్‌దా, మాదాపూర్‌దా?

అమ్మ