ఏడు ముక్కలెందుకురా?

ఒరేయ్ శీనూ,

నీ కంప్యూటర్లో విండోస్ పక్కన లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేయడానికి డిస్కుని ఎలా ముక్కలు చేయాలో నువ్వు కాగితం మీద గీసి పంపిన ప్లాను చూశాను. ఏడు పార్టిషన్లా! సినిమాలకొకటి, పాటలకొకటి, ఆఫీసుకొకటి... విండోస్‌లోలా సీ, డీ, ఈ అని గీసుకునే అలవాటు నీకింకా వదల్లేదు. లినక్స్‌లో ఆ అక్షరాలే ఉండవు. అంతా రూట్ అనే ఒకే మానుకి కొమ్మలు. పాటలకీ సినిమాలకీ ఫోల్డర్లు చాలు.

నాకయిన బుద్ధి చెప్తా, విను. మూడేళ్ల కిందట ఎంవీపీ కాలనీలో ఉన్నప్పుడు మా డెస్క్‌టాప్‌లో సిస్టమ్ ఉండే రూట్ ముక్కకి పిసినారిలా 20 జీబీ ఇచ్చాను. దాన్ని ఆనించే హోమ్, అంటే మన ఫైళ్లుండే ముక్క. ఆర్నెల్లు బాగానే నడిచింది. పాత కెర్నెళ్లు, అంటే లినక్స్ మూల ప్రోగ్రాం పాత వెర్షన్లు, పేరుకున్నాయి, ఫ్లాట్‌ప్యాక్ అనే పద్ధతిలో దింపిన సాఫ్ట్‌వేర్లన్నీ రూట్‌లోనే తిష్ఠ వేశాయి. ఓ పొద్దున పాస్‌వర్డ్ కొడితే తెర నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడిగింది. మళ్లీ కొట్టా, మళ్లీ అదే. కీబోర్డు తిరగేసి దులిపాను కూడా. రూట్‌లో చుక్క జాగా లేదని గంట తర్వాత గానీ తెలియలేదు.

పెంచుదామంటే పక్కన హోమ్ అడ్డం. దాన్ని తోకవైపు కోస్తే లాభం లేదు, తలవైపు కోయాలి. అంటే లోపలున్నదంతా ఎత్తి పక్కకు జరపాలి. పార్టిషన్లు మార్చే జీపార్టెడ్‌కి అప్పజెప్పి కూర్చున్నా. పాత హార్డ్ డిస్కు, గంటలు గడుస్తున్నాయి. సాయంత్రం సముద్రం వైపు నుంచి ఈదురుగాలి లేచింది, ఠపీమని కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి అప్పటికి రెండు నెలలు. కరెంటొచ్చాక చూస్తే హోమ్ సగం ఇటు, సగం అటు. ఏదీ తెరుచుకోలేదు.

అందుకే నీకు లినక్స్‌కి రూట్, హోమ్ అని రెండే ముక్కలు చాలంటాను. నీ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఎలాగూ 476గానే కనబడుతుంది. ట్యాలీ కోసం విండోస్ ఉంచుతానన్నావు కదా, దానికి 150 వదిలెయ్. విండోస్ జాగా తగ్గించడం మాత్రం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యి. అంతకుముందు ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ డ్రైవులో లినక్స్‌ని రాయనివ్వదు. డ్రైవుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకో. కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉన్నదే వాడుకో, పొరపాటున కూడా ఫార్మాట్ కొట్టకు.

మిగిలిన దాంట్లో రూట్‌కి 80. దాని వెనకే ఓ 40 జీబీ ఏమీ చేయకుండా ఖాళీగా వదిలెయ్. ఆ తర్వాత హోమ్. రేపు రూట్ ఇరుకైతే ఆ ఖాళీలోకి జరుగుతుంది, హోమ్‌ని ముట్టుకోనక్కర్లేదు. ర్యామ్ నిండితే వాడుకునే స్వాప్‌కి వేరే పార్టిషన్ వద్దు, ఫైలు చాలు. హైబర్నేట్ (తెరిచినవన్నీ డిస్కులో దాచి ఆపేయడం) కావాలంటే మాత్రం కనీసం నీ ర్యామంత, అంటే 8 జీబీ పెట్టాలి.

ఫైల్ సిస్టమ్, అంటే డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి, ఏదని అడిగావు. ఈఎక్స్‌టీ4 వేసెయ్. 2008 నుంచి నలిగినది, మొద్దుగా నమ్మకంగా పనిచేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్లు, అంటే పాత స్థితికి వెనక్కెళ్లే వీలు, బావుంటాయి, ఫెడోరా అనే లినక్స్ రకం 2020లో 33వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌లో అదే ఇస్తోంది. అందులో రూట్, హోమ్ ఒకే జాగాని పంచుకుంటాయి కాబట్టి నా గొడవే రాదు. కానీ మొదటి నెలలోనే సబ్‌వాల్యూముల (దాని లోపలి విభాగాల) తలనొప్పి నీకెందుకు? ఎక్స్‌ఎఫ్‌ఎస్ అసలొద్దు, పెంచొచ్చు గానీ తగ్గించలేం. హోమ్‌ని విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద పెడదామన్న ఆలోచన కూడా మానుకో, అనుమతుల దగ్గర పేచీలొస్తాయి. ఇంకో సంగతి, ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం జాగా రూట్ యూజర్‌కి (రూట్ ముక్క కాదు, సిస్టమ్ మీద పూర్తి అధికారమున్న యూజర్) దాచిపెడుతుంది. హోమ్‌లో అంత అక్కర్లేదు, తర్వాత 1 శాతానికి దించుదాం.

ఎప్పుడైనా మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సొస్తే రూట్‌కి ఫార్మాట్ టిక్కు పెట్టు, హోమ్‌కి తియ్యి. ఆ ఒక్క టిక్కు రెండుసార్లు చూసుకుని గానీ ముందుకెళ్లకు.

సంక్రాంతికి వస్తావుగా, పెన్‌డ్రైవు నేను సిద్ధం చేసి ఉంచుతా, మా ఇంట్లోనే చేద్దాం. ఇప్పుడు యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ ఉందిలే. వచ్చేముందు ఆంటీ ఫోటోలన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, ఓ నాలుగు తెరిచి చూడు. ఆ డిస్కులోనే మనం బొర్రా గుహలకెళ్లినప్పటి ఫోటోలు కూడా వేసుకురా. నావన్నీ ఆ ఈదురుగాలి రోజే పోయాయి.

నీ,
రాజు