డెడ్ కెనెడీస్ చీలికకు కేసు కారణం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో అమెరికా హార్డ్‌కోర్ పంక్ (వేగం, ఆగ్రహం నిండిన రాక్) సంగీతంపై వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పత్రికలో ఈ సంగీతానికి పూర్తి పేజీ కేటాయించడం బెంగళూరులో ఉంటున్న నాబోటి శ్రోతలకు సంతోషం కలిగించింది. అయితే డెడ్ కెనెడీస్ బృందం కోర్టు కేసు దెబ్బకు చెదిరిపోయిందనీ, ఆ స్థితిలోనే చివరి స్టూడియో ఆల్బమ్ 'బెడ్‌టైమ్ ఫర్ డెమోక్రసీ'ని నీరసంగా, హడావిడిగా ముగించిందనీ వ్యాసకర్త రాయడం సరికాదు.

గాయకుడు జెల్లో బియాఫ్రాతో ఆ బృందం చివరి కచేరీ చేసింది 1986 ఫిబ్రవరిలో. శాన్ ఫ్రాన్సిస్కోలోని ఆయన ఇంటిపై పోలీసులు దాడి చేసింది ఏప్రిల్‌లో. అంతకు ముందు ఆల్బమ్ 'ఫ్రాంకెన్‌క్రైస్ట్'తో పాటు ఇచ్చిన స్విస్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ చిత్రం మైనర్లకు హానికరమని అభియోగం మోపారు. 1987లో లాస్ ఏంజెలస్‌లో విచారణ జరిగినప్పుడు జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక, కేసు కొట్టివేతతో ముగిసింది. 1986 నవంబరులో వెలువడిన చివరి ఆల్బమ్ రికార్డింగు మొదలయ్యేసరికే ఆఖరి కచేరీ అయిపోయింది. కేసు తెచ్చిన చేదు ఆ పాటల్లో లేదని నేననడం లేదు, ఉంది. కానీ విడిపోవడానికి అదే కారణమంటే పోలీసులకు దక్కకూడని ఘనత దక్కుతుంది.

విడిపోవడానికి దారితీసిన విసుగుకు అసలు మూలం ఆల్బమ్‌లోనే వినిపిస్తుంది. మొదటి పాటే, ఉద్యోగం నీ మొహాన కొట్టి పోతున్నానని యజమానితో చెప్పే ఒక పాత కంట్రీ గీతం. దాన్ని వీళ్లు ఊపిరాడనంత వేగంగా వాయించారు. అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద, సైన్యం మీద ఎక్కుపెట్టిన పాటలు ఎలాగూ ఉన్నాయి. వాటన్నిటికంటే నాకు విలువైనదిగా తోచేది దాదాపు ఆరు నిమిషాల పాట ఒకటి. తిరుగుబాటును యూనిఫారంలా తొడుక్కుని, ఒకే తాళాన్ని, ఒకే తిట్టును వల్లిస్తున్న పంక్ లోకాన్నే అందులో బియాఫ్రా నిలదీశాడు. 1965 నుంచి 1968 దాకా మూడు సంపుటాలు వెలువరించి, ఆ తరవాత ఎవరి దారిన వారు సాగిన దిగంబర కవులను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ ఘట్టం కొత్తగా అనిపించకూడదు.

ఆల్బమ్‌లో లోపాలు లేవని కాదు. ఇరవై ఒక్క పాటలు మరీ ఎక్కువ. రికార్డు రెండో వైపుకు వచ్చేసరికి కొన్ని పాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, బృంద సభ్యుడు ఈస్ట్ బే రే గిటారుకు 1980 నాటి తొలి ఆల్బమ్‌లో ఉన్న వంకర సొగసు ఇక్కడ తక్కువ. వ్యాసకర్త అన్న నీరసం నిజమే గానీ, దాన్ని కేసు ఖాతాలో వేయనక్కర్లేదు. తరవాత రాయల్టీల విషయంలో సభ్యులు తమలో తాము కోర్టుకెక్కడం, గాయకుడు లేకుండానే మిగిలినవారు మళ్లీ వేదికనెక్కడం వేరే కథ. కొత్త స్టూడియో ఆల్బమ్ మాత్రం రాలేదు.

మరొక లోటు: వ్యాసంలో ఈ ఆల్బమ్ అట్ట గురించి ఒక్క మాటైనా లేదు. ఒళ్లంతా పిచ్చిరాతలతో నిండిన స్వేచ్ఛా ప్రతిమ, దాని చుట్టూ మూగిన నాజీలు, కు క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా ముసుగువాళ్లు, అధికారులు, కెమెరాలతో విలేకరులు. పత్రికలవాళ్లను కూడా ఆ మందలోనే చేర్చారు మరి! సవరణ ప్రచురించేటప్పుడు ఆ చిత్రాన్ని, చిత్రకారుడు విన్‌స్టన్ స్మిత్ పేరుతో సహా, వేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు