మా పాంప్లెట్‌లో దేవీపట్నం లైను తీసేశాం

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో చిన్న ఆఫీసు పెట్టుకుని పాపికొండల ట్రిప్పులు వేసేది మేమే, మీలో చాలామంది మాతో వచ్చినవాళ్లే. ఈసారి ఆఫర్ ఏమీ లేదు, ఒక తప్పు ఒప్పుకోవాలి.

మా పాంప్లెట్‌లో మూడో లైను ‘బోటు మీంచి చారిత్రక గ్రామం దేవీపట్నం దర్శనం’ అని ఉండేది. పక్కన ఫొటో, గట్టు మీద ఇళ్లు, చెట్లు, నీళ్లలోకి దిగే మెట్లు. అది 2018లో నేనే తీశాను. ఇప్పుడక్కడ ఆ ఊరు అలా లేదు. పోలవరం డ్యామ్ దగ్గర ఎగువ కాఫర్‌డ్యామ్ (నదికి అడ్డంగా వేసే తాత్కాలిక కట్ట) కట్టి 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే గేట్ల మీదుగా మళ్లించాక, వెనక నిలిచిన నీళ్లు దేవీపట్నం మీదికి వచ్చేశాయి, ఊళ్లోవాళ్లు పునరావాస కాలనీలకి వెళ్లిపోయారు. నాకు తెలియక ఉంచిన లైను కాదండి. తీసేస్తే ప్యాకేజీ బోసిపోతుందేమోనని ఉంచేశాను.

జనవరి బ్యాచ్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దేవీపట్నంలో రెండేళ్లు చేశారట. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో నిద్రపోనివ్వకుండా అవే కబుర్లు. బ్రిటిష్ కాలం నాటి పోలీస్ స్టేషను, 1879లో కల్లు మీద వేసిన చిగురు పన్నుకి కొండవాళ్లు తిరగబడ్డ రంప పితూరీ, ఆ పితూరీ కథలు చెప్పే ముసలివాళ్లు, గోదావరి పొంగితే బడికి వచ్చే సెలవులు. మర్నాడు గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కాం. మైకులో పాటలు, కింద డాన్సులు. ఆయన మాత్రం పై డెక్కు మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడే ఉన్నారు. “ఊరు ఇంకా రాలేదా బాబూ” అని నన్ను అడిగేసరికి మనం దాటేసి పావుగంటయింది. నేను నసుగుతుంటే బోటు నడిపే సరంగే చెప్పాడు, “అది ములిగిపోయింది కదండి మేస్టారూ” అని. ఆయన కోప్పడలేదు. “మరి కాగితంలో ఎందుకేశావు?” అన్నారంతే. వచ్చే దారంతా నాతో మాట్లాడలేదు, భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు.

అందుకే ఆ లైను, ఆ ఫొటో తీసేశాం. దేవీపట్నం ఉన్న చోటు దాటేటప్పుడు మైకు ఆపించి అది ఏ ఊరో, ఏమైందో రెండు నిమిషాలు చెబుతాం. బోటువాళ్లు ఒప్పుకోవడానికి కాస్త బతిమాలాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. పట్టిసీమ వీరభద్రుడి గుడి కూడా ఇదే బోటులో చూపిస్తారా అని ఫోన్లు వస్తుంటాయి. చూపించలేం. పట్టిసీమ పోలవరం డ్యామ్‌కి దిగువన ఉంది, మన బోటు ఎగువ నుంచి బయల్దేరుతుంది. ముందురోజు సాయంత్రం విడిగా తీసుకెళ్తున్నాం, నీళ్లు తక్కువున్న రోజుల్లో ఇసుకలో కొంత నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెప్పండి.

బోటు దిగి చూసే ఊరు పేరంటపల్లి. శివాలయం, బాలానంద స్వామి స్థాపించిన మునివాటం అనే ఆశ్రమం, కొండ మీంచి వచ్చే సెలయేరు, కొండరెడ్లు వెదురుతో చేసి అమ్మే పువ్వులు. నిజం చెప్పాలంటే అక్కడ మనకి దొరికేది గంట లోపే, ‘ప్రశాంతంగా గడపండి’ అని మేం రాసుకున్నది కొంచెం ఎక్కువే. వెదురు పువ్వుల దగ్గర మాత్రం దయచేసి బేరమాడకండి. బోటు టికెట్టుకి అంత పెట్టి ఇరవై రూపాయల దగ్గర ఆగిపోతారేంటండీ.

లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం నాతో వాదించొద్దు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి 50 మందికి పైగా పోయారు, అప్పుడు గోదావరి వరద మీద ఉంది. సెల్ఫీ కోసం జాకెట్ విప్పినవాళ్లని పై డెక్కు నుంచి కిందికి పంపేస్తాను, తర్వాత మీరు ఎన్ని స్టార్లు ఇచ్చినా సరే. అలాగే జూలై నుంచి అక్టోబర్ దాకా మేం బుకింగులు తీసుకోం. ఆ నాలుగు నెలలు ఆఫీసు అద్దె నా జేబులోంచే పోతుంది, పోనివ్వండి.

పాత పాంప్లెట్ చూసి, దేవీపట్నం కోసమే వచ్చినవాళ్లు ఇంకెవరైనా ఉంటే ఒక మెసేజ్ పెట్టండి, మనిషికి 600 వెనక్కి ఇస్తాను. మాస్టారికి పంపిస్తే ఆయన తిప్పి పంపేశారు. నీ దగ్గర ఆ పాత ఫొటో పెద్ద సైజులో ఉంటే దాన్ని పంపించు అన్నారు. నిన్న ప్రింట్ వేయించాను, ఆదివారం వైట్‌ఫీల్డ్ వెళ్లి ఇచ్చి వస్తాను.