మంత్రి గారూ, మా సైకాలజీ ల్యాబ్ తాళం తీయించండి

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. ఇది ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ ఆఫీసుకే పంపాం. రెండింటికి ‘మీ వినతి పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది, మిగతా రెండింటికి అదీ లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా కాలేజీకి వచ్చినప్పుడు మీరు స్టేజీ మీద చెప్పిన మాట మాకింకా గుర్తుంది. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు సైకాలజీ ల్యాబ్ నడుస్తుందన్నారు. అప్పుడు మేం ఫస్టియర్. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, మనస్ఫూర్తిగానే కొట్టాను. ఇప్పుడు ఫైనలియర్ సగం అయిపోయింది. గది ఉంది, తలుపు మీద బోర్డు ఉంది, తలుపుకి తాళం ఉంది. కిటికీలోంచి తొంగిచూస్తే అద్దంలో చూస్తూ బొమ్మ గీయించే మిర్రర్ డ్రాయింగ్ పరికరం, జ్ఞాపకశక్తి ప్రయోగాలకి వాడే మెమరీ డ్రమ్ ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పకుండా అలాగే కనిపిస్తాయి. చూసుకునే మనిషి పోస్టు నింపలేదు కాబట్టి తెరవడం కుదరదంటారు. ఎందుకు నింపలేదని అడిగితే పైనుంచి రావాలంటారు. పైన అంటే మీరే కదా సార్, ఇంకెవరిని అడగమంటారు?

ల్యాబ్ లేకపోతే ప్రాక్టికల్స్ ఎలా అవుతున్నాయని ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే చెబుతాను. కాపీ కొట్టి అవుతున్నాయి. స్ట్రూప్ ప్రయోగమే తీసుకోండి. ‘ఎరుపు’ అనే మాట నీలం సిరాతో ఉంటుంది, మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. 1935లో అమెరికన్ సైకాలజిస్టు స్ట్రూప్ అచ్చువేసిన లెక్కల్లో 100 గళ్ల రంగుల పేర్లు చెప్పడానికి సగటున 63 సెకన్లు పడితే, మాట ఒకటీ సిరా ఒకటీ అయినప్పుడు 110 సెకన్లు పట్టింది. ఈ ప్రయోగం మా క్లాసులో అందరి రికార్డుల్లోనూ ఉంది. అందరికీ అదే మనిషి, అదే వయసు, అవే సెకన్లు. సీనియర్ల రికార్డు తెచ్చుకుని దించేశాం. ఒక వరుసలో 14 ఉండాల్సిన చోట ఎప్పుడో ఎవరో 41 వేశారు. ఆ 41 మూడు బ్యాచ్‌ల నుంచి అలాగే నడిచొస్తోంది. దానివల్ల సగటు తప్పింది, ఆ తప్పు సగటు మీద ‘ఫలితాల చర్చ’ అని రెండేసి పేజీలు రాశాం, సంతకాలు పడ్డాయి, మార్కులూ పడ్డాయి. నాకు 50కి 46 వచ్చాయి. ఆ 46 ఇంట్లో చూపించడానికి నాకు మొహం చెల్లలేదు.

మా సార్లను అనట్లేదు. మూడేళ్ల క్లాసులకూ కలిపి ఇద్దరే ఉన్నారు, ప్రాక్టికల్ పీరియడ్లన్నీ సిలబస్ పూర్తిచేయడానికే సరిపోతున్నాయి. వాళ్లకీ బాధగానే ఉంది, మాకు తెలుసు.

సైకాలజీ అంటే మనుషుల గురించి నాలుగు మాటలు చెప్పడం అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు, అందుకే దీనికి ల్యాబ్ ఎందుకులే అనిపిస్తుందేమో. అసలు ఈ శాస్త్రం పుట్టుక లెక్కగట్టేదే ల్యాబ్‌తో సార్. 1879లో వూంట్ అనే శాస్త్రవేత్త జర్మనీలోని లైప్‌జిగ్‌లో పెట్టిన ప్రయోగశాలతో. ఎబ్బింగ్‌హౌస్ అనే ఇంకో జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తన మీద తనే ప్రయోగం చేసుకుని, ఎంతసేపట్లో ఎంత మర్చిపోతున్నాడో కొలిచి 1885లో అచ్చువేశాడు. ఒక రోజు గడిచాక మళ్లీ బట్టీపడితే మొదటిసారి పట్టిన శ్రమలో మూడో వంతే కలిసొచ్చింది. మా మెమరీ డ్రమ్ పని కూడా అదే, అలాంటి గుంపుల్ని ఒక్కొక్కటిగా చిన్న కిటికీలో చూపించడం. ఎబ్బింగ్‌హౌస్ లెక్కల్లోంచి వచ్చిన ఆ మరుపు వక్రరేఖ నేను పరీక్షలో ఐదుసార్లు గీశాను. డ్రమ్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2015లో 270 మంది పరిశోధకులు కలిసి, అచ్చయిన 100 సైకాలజీ అధ్యయనాల్ని మళ్లీ చేసి చూస్తే గణాంకపరంగా నిలబడే ఫలితం మూడో వంతుకు కాస్త ఎక్కువ వాటికే వచ్చింది. అప్పట్నుంచీ ఈ రంగమంతా లెక్కలు దాచకండి, చేసింది చేసినట్టు చూపించండి అని మొత్తుకుంటోంది. మాకేమో మొదటి సంవత్సరం నుంచే లేని మనిషికి లేని సెకన్లు రాయడం అలవాటు చేస్తున్నారు. నాకు నిజంగా భయమేస్తోంది సార్. ఈ అలవాటుతో మాలో ఎవరైనా రేపు రోగుల దగ్గర కూర్చుంటే?

పోయినేడు మా సీనియర్ అక్క ఒకావిడ పీజీ ఇంటర్వ్యూకి వెళ్లింది. మీరు స్వయంగా చేసిన ప్రయోగం ఒకటి చెప్పండి అన్నారట. రికార్డులో ఉన్నది చెప్పింది. అయితే ఆ మనిషి ఎక్కడ తడబడ్డాడు, మీరేం గమనించారు అని అడిగారు. అక్కడ ఆగిపోయింది. ఫోన్లో చెబుతూ ఏడ్చేసింది. తెలివైన అమ్మాయి సార్, స్టాటిస్టిక్స్ మాకందరికీ తనే చెప్పింది. డిగ్రీ ఒక్కటితో ఎవరూ సైకాలజిస్టు అయిపోరు, పై చదువూ పర్యవేక్షణలో శిక్షణా ఉండాలి, ఆ గుమ్మం దగ్గరే మమ్మల్ని ఆపేస్తున్నారు.

పోయిన నెల ముగ్గురం కలిసి స్కెచ్ పెన్నులతో కార్డులు రాసుకుని మెట్ల మీద కూర్చుని ఫోన్ స్టాప్‌వాచ్‌తో స్ట్రూప్ చేశాం. నా స్నేహితురాలు ఏడో మాట దగ్గర ‘ఎరు...’ అని నాలుక కరుచుకుని, కళ్లు గట్టిగా మూసి తెరిచి ‘నీలం’ అంది. మూడేళ్లుగా చదివింది మొదటిసారి కళ్లముందు జరిగింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ తర్వాత సందేహాలు మొదలయ్యాయి. అందరికీ తేలిక కార్డే ముందు ఇచ్చాం, మరి రెండోదానికి అలసట వల్ల ఆలస్యమైందా? సగం మందికి కార్డుల వరుస తిరగేసి ఇవ్వాలా? తప్పు చెప్పి దిద్దుకుంటే ఆ సమయం లెక్కలోకి వస్తుందా? అడగడానికి పక్కన ఎవరూ లేరు.

మేం కొత్త బిల్డింగ్ అడగట్లేదు. ఆ తాళం తీయించండి. ఒక్క మనిషిని వేయండి, పర్మనెంట్ పోస్టు ఆలస్యమైతే తాత్కాలికంగానైనా వేయండి. ప్రాక్టికల్ పీరియడ్‌ని ప్రాక్టికల్‌కే ఉంచమని ఒక ఆర్డరివ్వండి. చేయని ప్రయోగానికి సంతకం పెట్టే పద్ధతి ఆపించండి, దానివల్ల మా మార్కులు తగ్గినా సరే. ముందు తాళం తీయించండి సార్, దండం పెట్టి అడుగుతున్నాను.

మా చివరి ప్రాక్టికల్ పరీక్షకి ఇంకా 11 వారాలుంది. రికార్డులో ఆఖరి ప్రయోగం పేజీలు నేను ఖాళీగానే ఉంచాను.

ఇట్లు,
ఫైనలియర్ సైకాలజీ విద్యార్థిని